చూసింది చూసినట్టు

విజయవాడ ఏలూరు రోడ్డు పక్కసందులో ఒక డీటీపీ సెంటరుంది. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, సంవత్సరీకాల కార్డులు, ఏడాదికి నాలుగైదు కవితా సంపుటాలు అక్కడ తయారవుతాయి. నా మొదటి పుస్తకానికి పేజీలు కట్టిందీ అక్కడే. నాలుగేళ్ల కిందట ఓ సాయంత్రం వెళ్లేసరికి ఓనరు లాప్‌టాప్‌కి చెవి ఆనించి కూర్చుని ఉన్నాడు.

“మీరూ ఓసారి వినండి మాస్టారూ.”

విన్నాను. టిక్. కాస్త ఆగి, టిక్ టిక్. గోడగడియారం చప్పుడులాగే ఉంది గానీ లయ లేదు.

“ఫైళ్లన్నీ పెన్‌డ్రైవులో వేసేశాను. డీ డ్రైవులో ఇంకో కాపీ కూడా ఉంది. ఇంక పర్లేదు కదా?”

డీ డ్రైవు సంగతి ముందు తేల్చేద్దాం. లాప్‌టాప్ కొనగానే సీలో విండోస్, డీలో మన సామాను అని రెండు ముక్కలు చేయించడం మన దగ్గర ఆనవాయితీ. విండోస్ పాడై ఫార్మాట్ కొట్టాల్సి వస్తే డీ జోలికి వెళ్లరు కాబట్టి ఆ మేరకు మంచి అలవాటే. కానీ సీ, డీ అన్నవి ఒకే పళ్లెం మీద గీసిన గీతకి అటూ ఇటూ పెట్టిన పేర్లు. తిప్పే మోటారు ఒకటే, చదివే చెయ్యి ఒకటే. ఒకే పూరింట్లో రెండు ట్రంకు పెట్టెలు పెట్టుకుని, ఒకటి కాలినా ఇంకోటి మిగులుతుందిలే అనుకున్నట్టుంటుంది.

పెన్‌డ్రైవు మాట వేరు. ఫైళ్లు నిజంగానే దక్కాయి. అయినా పర్లేదని అనలేకపోయాను. ఆయన పని నడిచేది పేజ్‌మేకర్‌లో. 2001లో వచ్చిన 7.0 తర్వాత దానికి కొత్త వెర్షనే రాలేదు. తెలుగు అక్షరాలేమో అను ఫాంట్లవి. ఆ పాత ఫాంట్లు యూనికోడ్ పద్ధతిలో ఉండవు. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన గూళ్లలో మన తలకట్లూ గుడులూ ఒత్తులూ ముక్కలుముక్కలుగా సర్ది ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే ‘చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి’ కనబడాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలూ, విరామచిహ్నాలూ, ఏవో విదేశీ గుర్తులూ కలగాపులగంగా కనబడతాయి. పైగా పన్నెండేళ్లుగా చేతికి అలవాటైన కీబోర్డు అమరిక, శుభలేఖల మూసలు, ఎప్పటిదో ప్రింటరుకి ఎవరో కుర్రాడు వెతికిపెట్టిన డ్రైవరు. వీటి సీడీలు ఎక్కడున్నాయని అడిగితే ఆయన అటక వైపు చూశాడు.

ఫైళ్లు దక్కడం వేరు, పని దక్కడం వేరు. “మనకి డిస్క్ ఇమేజ్ కావాలి,” అన్నాను.

“ఇమేజ్ అంటే, ఫొటోనా?”

“ఫొటో కాదండీ, నకలు. ఎమ్మార్వో ఆఫీసులో అడంగల్ నకలు ఇస్తారు చూడండి, అలాగ. ఉన్నది ఉన్నట్టు.”

ఉన్నది ఉన్నట్టు అంటే ఏమిటో తెలియాలంటే డిస్కు మూత తీసినట్టు ఊహించుకోవాలి. (నిజంగా తీయకండి. ఒక్క దుమ్ము రేణువు చాలు.) లాప్‌టాప్ హార్డ్‌డిస్కులో అద్దంలా మెరిసే పళ్లెం ఒకటో రెండో ఉంటాయి. నిమిషానికి 5,400 చుట్లు, అంటే సెకనుకి 90. దానిమీద ఒక సన్నటి చెయ్యి, చేతి కొసన రీడ్ హెడ్. హెడ్డు పళ్లేన్ని తాకదు. తిరిగే పళ్లెం లేపిన గాలిపొర మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మన వెంట్రుక మందం 80 వేల నానోమీటర్లు, ఆ ప్రాంతంలో ఉంటుంది. అందులో వెయ్యోవంతు కూడా లేని ఎత్తులో ఎగురుతూ కిందనున్న అయస్కాంతపు మచ్చలు చదవాలి. తాను ఏ జాడలో ఉందో చెప్పే గుర్తులు హెడ్డుకి అందకపోతే చెయ్యి వెనక్కి, తన మొదటి చోటికి వచ్చేసి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ రాకపోకల చప్పుడే మేం విన్న టిక్ టిక్.

పళ్లెం మీది గుండ్రటి జాడల్ని సెక్టార్లుగా కోస్తారు. సెక్టారుకి 512 బైట్లు అన్నది పాత లెక్క. 2010, 2011 ప్రాంతాల నుంచి వచ్చిన డిస్కుల్లో లోపలి అసలు గడి 4,096 బైట్లే అయినా, పైకి మాత్రం పాత లెక్కే చెబుతుంటాయి. 500 జీబీ డిస్కులో ఇలాంటి 512 బైట్ల సెక్టార్లు 97,67,73,168. కంపెనీ ఏదైనా 500 జీబీ డిస్కులో మామూలుగా ఉండేది ఈ సంఖ్యే. విండోస్ దాన్నే 465 జీబీ అంటుంది. కంపెనీవాడు వెయ్యితో గుణిస్తే విండోస్ 1,024తో భాగిస్తుంది, అంతే. షాపువాడు మోసం చేశాడని గొడవ పెట్టుకోనక్కర్లేదు.

ఫైలు అనేది డిస్కుకి తెలియని మాట. దానికి తెలిసిందల్లా ఫలానా నెంబరు సెక్టారులో ఫలానా 512 బైట్లు. ఏ సెక్టార్లు కలిస్తే ఏ ఫైలు అవుతుందో రాసుకునే పట్టిక కూడా డిస్కు మీదే, ఇంకొన్ని సెక్టార్లలో ఉంటుంది. ఇమేజ్ తీసే సాఫ్ట్‌వేరు ఫైళ్ల సంగతి పట్టించుకోకుండా సున్నా నెంబరు సెక్టారు నుంచి చివరిదాకా వరసగా చదివి, చదివింది చదివినట్టు ఇంకోచోట రాస్తుంది. దాన్ని చదువు రాని లేఖకుడు అనవచ్చు. తాటాకు గ్రంథాలకి ప్రతులు రాసినవాళ్లు చివర్న ఒక మనవి రాసుకునేవారు: చూసింది చూసినట్టు రాశాను, తప్పులుంటే నన్ననకండి అని. ఇమేజ్ ధర్మం కూడా అదే. మూలంలో వైరస్ ఉంటే నకల్లోనూ ఉంటుంది. మూలంలో చెరిపేసిన ఫైలు తాలూకు శకలాలుంటే అవీ వస్తాయి. అందుకే సైబర్ నేరాల దర్యాప్తులో డిస్కుని మామూలుగా కాపీ చేయకుండా ఇలా సెక్టారు సెక్టారుగా నకలు తీస్తారు.

అంత గుడ్డిగా రాసే పద్ధతి వేగంగా కూడా ఉంటుందంటే మొదట నేనూ నమ్మలేదు. లెక్క వేసి చూడండి. ఫైలు ఫైలుగా కాపీ చేస్తే ఒక్కో చిన్న ఫైలు కోసం చెయ్యి జరగాలి, సరైన సెక్టారు తిరిగి హెడ్డు కిందికి వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడమే సగటున అరచుట్టు, అంటే ఐదున్నర మిల్లీసెకన్లు. చెయ్యి జరగడంతో కలిపి 15 అనుకుందాం. విండోస్ సామానులో ఫైళ్లు సులువుగా లక్ష దాటతాయి. లక్ష ఫైళ్లకి 1,500 సెకన్లు, పాతిక నిమిషాలు, ఒక్క బైటూ చదవకముందే ఖర్చు. ఇమేజ్‌కి ఈ గెంతులు లేవు. వరసగా చదువుకుంటూ పోతే పాత లాప్‌టాప్ డిస్కు కూడా సెకనుకి 100 ఎంబీ దాకా ఇస్తుంది.

దాకా అన్నాను, ఎందుకంటే అది మొదట్లోనే. సున్నా సెక్టారు పళ్లెం బయటి అంచున ఉంటుంది. బయటి చుట్టు పెద్దది, లోపలి చుట్టు చిన్నది, తిరిగే వేగం మాత్రం ఒకటే. కాబట్టి లోపలికి పోయేకొద్దీ ఒక్క చుట్టులో దొరికే సెక్టార్లు తగ్గుతాయి, చివరికి వేగం సగానికి పడిపోతుంది. గంటన్నరలో అయిపోతుందని స్క్రీను మీద చూపించిన పని రెండు గంటలకీ తెమలకపోతే డిస్కు పోయిందని కంగారు పడకండి. హెడ్డు మధ్యకి చేరుతోంది. యూఎస్‌బీ 2.0 పోర్టులో పెడితే మాత్రం బాధ వేరు. సెకనుకి సుమారు 30 ఎంబీయే వస్తుంది, 500 జీబీకి నాలుగున్నర గంటలు పైనే పడుతుంది.

అయితే 500 జీబీ డిస్కులో నిజంగా వాడింది 180 జీబీ అయితే మిగతా ఖాళీని కూడా మోయడం దేనికి? ఇక్కడ లేఖకుడికి కాస్త చదువు చెబుతారు, విషయసూచిక చూసేంత. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో డిస్కుని మామూలుగా 4,096 బైట్ల క్లస్టర్లుగా లెక్కపెట్టి, ఒక్కోదానికి ఒక్క బిట్టు కేటాయిస్తారు. వాడితే 1, ఖాళీ అయితే 0. మన 500 జీబీకి 12 కోట్ల పైచిలుకు క్లస్టర్లు, అంటే పట్టిక మొత్తం 15 ఎంబీ. ఒక మోస్తరు ఫొటోలు రెండో మూడో పట్టే చోటులో డిస్కంతటి భోగట్టా. ఆ పట్టిక చూసుకుని 1 ఉన్నవే ఎత్తి, కుదించి దాస్తే ఇమేజ్ మూలంలో మూడోవంతుకో ఇంకా తక్కువకో దిగుతుంది. ఇప్పుడొచ్చే సాఫ్ట్‌వేర్లు చాలావరకు చేసేది ఇదే. విండోస్‌లోని బిట్‌లాకర్‌తో తాళం వేసిన డిస్కుని బయటినుంచి చూస్తే ఆ పట్టిక కూడా అర్థంకాని రాతే. అప్పుడు చదువు రాని పద్ధతే గతి, ఒక్క బైటు కూడా కుదించడానికి లొంగదు.

ఈ విద్యకి చరిత్ర పెద్దది కాదు. 1970లలోనే యూనిక్స్‌లో డీడీ అనే కమాండు ఉంది. ఒకచోటి నుంచి బైట్లు తీసి ఇంకోచోట పోయడమే దాని పని, ఇప్పటికీ లినక్స్‌లో అదే పేరుతో ఉంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి అనేవి తారుమారైతే ఖాళీ డిస్కుని తెచ్చి నిండు డిస్కు మీద పోసేస్తుంది, ‘నిజంగానా?’ అని అడగదు కూడా. పీసీలకి ఈ పని నేర్పింది న్యూజిలాండ్‌లో ఆక్లాండ్‌కి చెందిన మర్రీ హాజర్డ్. ఆయన 1990ల నడుమ రాసిన ఘోస్ట్ అనే ప్రోగ్రాముని 1998లో సిమాంటెక్ కొనుక్కుంది. 2000లలో మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఒక కంప్యూటర్‌లో అన్నీ ఎక్కించి మిగతావాటికి ‘ఘోస్ట్ కొట్టేవాళ్లు’. 2013లో నార్టన్ ఘోస్ట్ అమ్మకం ఆపేశారు. ఇప్పుడు ఉచితంగా దొరికేవాటిలో నేను వాడేది తైవాన్‌లో తయారైన క్లోన్‌జిల్లా. ముఖం చూస్తే ముప్పయ్యేళ్ల కిందటి డాస్ ప్రోగ్రాములా ఉంటుంది గానీ పని గట్టిది.

విండోస్ నడుస్తుండగానే ఇమేజ్ తీసే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. కిరాణా కొట్టు ఆవర్జాకి మీరు నకలు రాస్తుంటే గుమాస్తా అదే పుస్తకంలో లెక్కలు రాస్తూ కూర్చున్నాడనుకోండి. పదో పేజీ పొద్దుటిది, ఎనభయ్యో పేజీ సాయంత్రానిది, రెండిటికీ పొత్తు కుదరదు. దీనికి విండోస్‌లో షాడో కాపీ అని ఒక ఏర్పాటుంది. నకలు మొదలైన క్షణాన్ని గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత ఏ గడి మీద కొత్తగా రాయాల్సి వచ్చినా ముందు పాతదాన్ని పక్కన దాచి అప్పుడు రాయనిస్తుంది. నకలు రాసేవాడికి ఎప్పుడూ మొదలైన క్షణంనాటి పుస్తకమే కనిపిస్తుంది.

*

మళ్లీ టిక్ టిక్ దగ్గరికి. చావుబతుకుల్లో ఉన్న డిస్కుకి మామూలు ఇమేజ్ సాఫ్ట్‌వేరు పెట్టకూడదు. చెడ్డ సెక్టారు తగిలితే కొన్ని అక్కడే ఆగిపోతాయి, కొన్ని దాన్నే పట్టుకుని పదేపదే చదువుతూ ఉన్న కాస్త ప్రాణం తీస్తాయి. మేం లినక్స్ పెన్‌డ్రైవుతో బూట్ చేసి డీడీరెస్క్యూ వాడాం. దాని తెలివి ఏమిటంటే, ముందు సులువుగా వచ్చేదంతా ఎత్తుకుపోతుంది. తప్పు తగిలిన చోట గుర్తు పెట్టుకుని దూకేస్తుంది. చివర్లో తీరిగ్గా వెనక్కొచ్చి ఆ గుర్తుల దగ్గర గీకి గీకి చూస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఎక్కడిదాకా వచ్చిందో పక్కన ఒక చిన్న ఫైలులో రాసుకుంటుంది కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడుతుంది.

రాత్రంతా నడిచింది. తెల్లారేసరికి దక్కనివి 40 సెక్టార్లు. లోపలి గడి 4,096 బైట్లది కాబట్టి పోయేది ఎనిమిదేసి చొప్పున పోతుంది. ఐదు గడులు, 20 కేబీ. అవి ఏ ఫైలులోవా అని వెతికితే ఒక పాత శుభలేఖలో వినాయకుడి బొమ్మ. “విఘ్నాలన్నీ ఆయన మీదే వేసుకున్నాడు,” అన్నాడు ఓనరు.

ఇక తిరిగి ఎక్కించడం. బ్యాకప్ గురించి మాట్లాడేవాళ్లు ఈ సగాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు గానీ అసలు కష్టం ఇక్కడే. నడుస్తున్న విండోస్ లోంచే ఆ విండోస్ డిస్కు మీద ఇమేజ్ పరచడం కూర్చున్న కొమ్మ నరుక్కోవడం. అందుకని బయటి పెన్‌డ్రైవుతోనే బూట్ చేయాలి. ఆ పెన్‌డ్రైవు ముందే తయారుచేసి, మీ లాప్‌టాప్ దాన్ని గుర్తుపడుతుందో లేదో చూసుకుని ఉండాలి. లాప్‌టాప్ చచ్చిపోయాక వెతుక్కోవడానికి లాప్‌టాప్ ఉండదు.

ఆయన అప్పటికే 480 జీబీ ఎస్‌ఎస్‌డీ కొనుక్కొచ్చాడు. డేటా 180 జీబీయే కదా, చాలదా? చాలదు. ఇమేజ్ అంటే కొలతలతో సహా నకలు. మూలంలో చివరి పార్టిషన్ 500వ జీబీ దగ్గర ముగుస్తుందని పట్టికలో రాసి ఉంటే, 480 దగ్గర నేల అయిపోయిన డిస్కులో అది ఎక్కడ ముగియాలి? ముందు పార్టిషన్‌ని కుదించి తర్వాత ఎక్కించే దారి ఉంది. కానీ ఆ మధ్యాహ్నానికి రెండు పెళ్లిళ్ల శుభలేఖలు ప్రెస్సుకి వెళ్లాలి. ఓనరు షాపుకెళ్లి అది తిరిగిచ్చేసి 1 టీబీది తెచ్చాడు.

బూట్ అవ్వకపోవడం ఇంకో మామూలు గండం. సీ డ్రైవు ఒక్కదానికే ఇమేజ్ తీసుకున్నవాళ్లకి ఇది తప్పదు. పాత పద్ధతి డిస్కులో మొట్టమొదటి సెక్టారు, ఎంబీఆర్, తక్కినవాటిలాంటిది కాదు. 446 బైట్లు బూట్ కోడుకీ దాని సరంజామాకీ, 64 బైట్లు పార్టిషన్ల పట్టికకీ, చివరి 2 బైట్లు ‘ఇది బూట్ అయ్యే డిస్కే’ అనే ముద్రకీ. ఆ తర్వాత విండోస్ 7లో పేరు కూడా సరిగా కనబడని 100 ఎంబీ పార్టిషన్ ఒకటి ఉంటుంది. విండోస్‌ని నిద్రలేపేది అదే. అది వదిలేసి సీ మాత్రం మోసుకొస్తే ఇల్లు వచ్చింది గానీ గుమ్మం రాలేదు. కొత్త జీపీటీ డిస్కుల్లో పట్టికకి రెండో ప్రతి డిస్కు చివరి సెక్టార్లలో ఉంటుంది, అందుకే చిన్నదాని నుంచి పెద్దదానికి ఎక్కిస్తే ఆ ప్రతి నడిమధ్యలో చిక్కుకుపోతుంది. చక్కదిద్దే పనిముట్లున్నాయి.

ఎక్కించాక పాతదీ కొత్తదీ ఒకేసారి తగిలించకండి. డిస్కుకి విండోస్ ఇచ్చిన గుర్తింపు సంఖ్య కూడా నకల్లో వచ్చేసింది. ఒకే సంఖ్యతో రెండు డిస్కులు కనబడితే విండోస్ ఒకదాన్ని పక్కన కూర్చోబెడుతుంది.

పదకొండింటికి లాప్‌టాప్ లేచింది. డెస్క్‌టాప్ మీద అదే వేంకటేశ్వరస్వామి, అవే చెల్లాచెదురు ఐకాన్లు. పేజ్‌మేకర్ తెరిచి ముందురోజు సగంలో ఆపిన శుభలేఖ లాగితే వధువు పేరులో ఒత్తుతో సహా నిలబడింది. ఓనరు ఏమీ అనలేదు. టీ చెప్పాడు.

ఆ నకలు సరైనదేనా అని తెలుసుకోవడానికి హ్యాష్ ఉంది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణితం ఎంత పెద్ద ఫైలునైనా నలిపి 64 అక్షరాంకెల వేలిముద్ర ఇస్తుంది. లోపల ఒక్క బిట్టు మారినా వేలిముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమంలో ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లోనూ ఈ హ్యాష్ విలువ రాయాలి. ఇమేజ్ తీసిన రోజునే వేలిముద్ర తీసి పక్కన పెట్టుకుంటే రెండేళ్ల తర్వాత ఫైలు చెడిందో లేదో పోల్చి చెప్పవచ్చు.

అయినా వేలిముద్రతో సరిపెట్టుకోలేం. 1998లో పిక్సార్ స్టూడియోలో టాయ్ స్టోరీ 2 సినిమా సర్వరు మీద ఎవరో చెరిపే కమాండు నడిపారు. బొమ్మలు కళ్లముందే మాయమవుతుంటే మెషీన్ల ప్లగ్గులు పీకించారు. బ్యాకప్ ఉందిలే అని తిరగేస్తే, అది కొంతకాలంగా సరిగా పనిచేయడమే లేదు. ఎవరూ తిరిగి ఎక్కించి చూడకపోవడంతో ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. పసిబిడ్డ తల్లి కావడంతో ఇంటినుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ ఇంట్లో ఒక కాపీ ఉండబట్టి సినిమా బతికింది. ఆ కంప్యూటర్‌ని దుప్పట్లలో చుట్టి కారు వెనకసీట్లో పెట్టి తెచ్చారు.

ఇంటి కాపీ అనేది అందుకే కావాలి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట అనే లెక్కని అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చాడు. ఎక్స్‌టర్నల్ డ్రైవుని ఎప్పుడూ లాప్‌టాప్‌కి తగిలించే ఉంచడం కూడా మంచిది కాదు. 2017 మే నెలలో ఫైళ్లకి తాళం వేసే వన్నాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అలాంటి వైరస్ తగిలించి ఉన్న డ్రైవులోని ఇమేజ్‌కి కూడా తాళం వేసేయగలదు. అలాగే ఒక్క ఇమేజ్ మీదే ప్రతిసారీ తిరగరాయకుండా పాతవి రెండైనా ఉంచండి. కొత్త ఇమేజ్‌లో వైరస్ ఉంటే పాతదే దిక్కు. ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లకి ఇంకో మాట. అందులో తిరిగే పళ్లెం లేదు, టిక్ టిక్ ఉండదు. చాలాసార్లు చెప్పకుండానే పోతుంది.

ఏలూరు రోడ్డు ఓనరు ఇప్పుడు నెలకోసారి, అమావాస్యకి ఇమేజ్ తీస్తున్నాడు. ఆ రోజు ఎలాగూ శుభలేఖల పని తక్కువట. డ్రైవు ఇంటికి పట్టుకుపోతాడు. మీ దగ్గరా ఇమేజ్ ఉంటే చదవడం కాసేపు ఆపి, దాన్ని మౌంట్ చేసి, అంటే ఇంకో డ్రైవులా తెరిచి, మీకు బాగా గుర్తున్న ఫైలు ఒకటి తెరిచి చూడండి. తెరుచుకోకపోతే ఇవాళే ఇంకోటి తీయవచ్చు, పాత డిస్కు ఇంకా తిరుగుతూనే ఉంది కాబట్టి.